రెండేళ్లలో ఒక్క బొమ్మా పూర్తి కాలేదక్కా

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 25 ఏళ్లు. నరసరావుపేటలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేస్తున్నాను. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఓణీల ఫంక్షన్ బ్యానర్లు, శ్రద్ధాంజలి బోర్డులు. షాపులో ఉన్నవన్నీ క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లే. ఇంట్లో తమ్ముడు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. నెలనెలా డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ వాడే స్తోమత లేదు. అందుకే రెండేళ్ల కిందట క్రిటా అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్ వేసుకుని, మూడు వేలు పెట్టి, పెన్నుతో గీస్తే తెర మీద బొమ్మ పడే పెన్ ట్యాబ్లెట్ కొన్నాను. రామాయణం మొత్తం కామిక్‌గా వేయాలని మొదలుపెట్టి నాలుగు పేజీల దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత మొదలుపెట్టినవీ అంతే. కొత్త బ్రష్‌లు డౌన్‌లోడ్ చేస్తాను, ట్యుటోరియల్స్ చూస్తాను, ఇంతలో నిద్రొస్తుంది. ఎక్కడ పని అడిగినా ‘ఫోటోషాప్ వచ్చా, కోరల్ వచ్చా’ అంటారు గానీ క్రిటా అంటే ఎవరికీ తెలియదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేసిన బొమ్మల్ని ఎవరైనా సీరియస్‌గా తీసుకుంటారా? అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. రాత్రి ఆమె మిషన్ పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుంటే ‘డబ్బులు రాని పనికి నిద్ర చెడగొట్టుకోవడం ఎందుకే’ అంటుంది. ఆమె అన్నదీ నిజమే అనిపిస్తుంది. మూడు బొమ్మలు జత చేశాను. అసలు ఇది నాకు వచ్చే పనేనా అక్కా?

జవాబు: నన్ను అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు నీ మూడు బొమ్మల గురించి మాట్లాడతాను. నువ్వు అడిగిన వాటిలో సగానికి జవాబు వాటిలోనే ఉంది.

మొదటిది రామాయణం పేజీ, దశరథుడి సభ. ప్రతి స్తంభానికీ చెక్కడం, ప్రతి కిరీటానికీ మెరుపు. బొమ్మతో పాటు స్క్రీన్ కూడా ఫొటో తీసి పంపావు కాబట్టి పక్కన లేయర్ల వరుస, అంటే బొమ్మని విడివిడిగా వేసుకునే పొరల వరుస కనిపించింది. ‘లేయర్ 41’, ‘లేయర్ 42 కాపీ’, ‘ఫైనల్’, దాని మీద ‘ఫైనల్ 2’. ఆ పేజీకి నువ్వు ఎన్ని రాత్రులు పెట్టావో ఊహించగలను. రెండోది ఏదో ట్యుటోరియల్ చూసి వేసిన అమ్మాయి ముఖం. శుభ్రంగా ఉంది, కళ్లలో మెరుపు, పెదాల మీద తడి అన్నీ వచ్చాయి. కానీ ఆ అమ్మాయిది ఏ ఊరో, ఏం ఆలోచిస్తోందో బొమ్మలో లేదు. మూడోది పెన్సిల్ బ్రష్‌తో గబగబా గీసినది, కుట్టు మిషన్ చక్రం మీద మీ అమ్మగారి చెయ్యి. గాజులు మోచేతి వైపు జారాయి. చూపుడువేలు చక్రం అంచుని ఆపుతోంది, అంటే ఆ క్షణంలో సూది గుడ్డలో దిగి ఉందన్నమాట. బొటనవేలు పొడవు తప్పింది. అయినా మూడింటిలో నేను మళ్లీ మళ్లీ తెరిచి చూసింది ఇదొక్కటే. ఆ చేతిని వేరే ఎవరూ గీయలేరు, అది రోజూ పక్కన కూర్చుని చూసినవాళ్లు గీసిన చెయ్యి.

కాబట్టి ఇది నీకు వచ్చే పనే. ఈ మాట నిన్ను ఓదార్చడానికి చెప్పడం లేదు. ఆ మూడో బొమ్మ చూసి చెబుతున్నాను.

ఇప్పుడు పూర్తి కాకపోవడం సంగతి. వాల్మీకి రామాయణం 24,000 శ్లోకాలు. రోజుకి పది గంటలు షాపులో మౌసు పట్టుకుని వచ్చి, రాత్రి మిగిలిన గంటలో నువ్వు ఎత్తుకున్న బరువు అది. నాలుగు పేజీల దగ్గర ఆగిపోవడంలో సోమరితనం ఏమీ లేదు. ఆ కొలతతో చేస్తే ఎవరైనా అక్కడే ఆగుతారు. దాన్ని వదిలేయమనడం లేదు, ఒక ఫోల్డర్‌లో పెట్టి పక్కన పెట్టు. కొన్నేళ్లు పోయాక నీ చేతికి బలం వచ్చినప్పుడు మళ్లీ తెరవచ్చు.

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో సీరియస్‌గా బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారా అని అడిగావు కదా, ఒకాయన గురించి చెబుతాను. డేవిడ్ రెవాయ్ అని ఫ్రాన్స్ చిత్రకారుడు. బ్లెండర్ అనే ఉచిత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వాళ్లు 2010లో విడుదల చేసిన ‘సింటెల్’ అనే చిన్న యానిమేషన్ సినిమాకి ఆర్ట్ డైరెక్టర్‌గా చేశాడు. 2014 నుంచి ‘పెప్పర్ అండ్ క్యారట్’ అనే కామిక్ వేస్తున్నాడు, ఒక చిన్న మంత్రగత్తె, ఆమె పిల్లి కథలు. బొమ్మలు క్రిటాలో, మాటల బుడగలు ఇంక్‌స్కేప్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో. చూడటానికి డబ్బు అక్కర్లేదు. లేయర్లతో సహా అసలు ఫైళ్లే అందరికీ ఇచ్చేస్తాడు, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. పాఠకులు ఇష్టపడి పంపే డబ్బుతో బతుకుతున్నాడు. 2016లో గ్లెనా అనే పెద్ద ఫ్రెంచ్ ప్రచురణ సంస్థ వాటిని పుస్తకంగా వేసింది. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది: ఆయన మొదటి కథలు కొద్ది పేజీలే. ఒక కథ మొదలవుతుంది, కొద్ది పేజీల్లో అయిపోతుంది. అది అయ్యాకే రెండోది. ఇలా ఒక్కొక్కటీ కలిసి 30 దాటాయి.

ఇంకా పెద్ద సాక్ష్యం కావాలంటే, 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌లో తయారైంది. నీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లోకి కూడా పైసా ఇవ్వకుండా దించుకోగలిగిన అదే బ్లెండర్.

అయితే ఉద్యోగం మాట వేరు, అక్కడ నీకు అబద్ధం చెప్పను. ప్రింటింగ్ షాపుల్లో, హైదరాబాద్ యాడ్ ఏజెన్సీల్లో ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, కోరల్ అడుగుతారు, ఇంకొన్నాళ్లు అడుగుతూనే ఉంటారు. పక్కవాళ్ల ఫైళ్లు తెరవాలి, వాళ్లకి ఫైళ్లు ఇవ్వాలి, అందుకే అడుగుతారు. ఆ పని నీకు ఇప్పటికే వచ్చు. రోజూ పది గంటలు అదే చేస్తున్నావు. కాబట్టి ఇంట్లో రాత్రిపూట క్రిటా వాడటం వల్ల నీ ఉద్యోగానికి వచ్చే నష్టం ఏమీ లేదు. ఇక బొమ్మ చూసి బొమ్మ అడిగేవాళ్లు, అంటే పిల్లల పుస్తకాలు వేసేవాళ్లు, పత్రికలవాళ్లు, నన్ను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఏ సాఫ్ట్‌వేర్ అని అడగలేదు. సైజు అడుగుతారు, ఎప్పటికిస్తారని అడుగుతారు.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటే రెండు అర్థాలు మోస్తుంది. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే స్వేచ్ఛ ఉండాలనే ఉద్యమాన్ని హైదరాబాద్‌లో నడుపుతున్న సంస్థ తనకి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకుంది. నువ్వు డబ్బు లేక క్రిటా దగ్గరికి వచ్చావు. తప్పేం లేదు, నేనూ అలాగే వచ్చాను. ఉండిపోయింది మాత్రం రెండో అర్థం వల్ల. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల కిందట నేనూ ఒక ఖరీదైన ప్రోగ్రామ్ దొంగ కాపీ మీదే పనిచేసేదాన్ని. పిల్లల కథలకి అరవై దాకా బొమ్మలు వేశాను. ఒకరోజు సిస్టమ్ పాడైతే మెకానిక్ ఫార్మాట్ చేసి ఇచ్చాడు. ఫైళ్లు సీడీల్లో భద్రంగానే ఉన్నాయి. కానీ ఆ వెర్షన్ మళ్లీ దొరకలేదు, దొరికిన పాత వెర్షన్‌లో ఆ ఫైళ్లు తెరుచుకోలేదు. కొనుక్కోవడానికి డబ్బు లేదు. ప్రచురించినవాళ్లకి పంపిన చిన్న జేపెగ్‌లు మాత్రం మిగిలాయి. ఆ సీడీలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి. నా చేత్తో వేసిన బొమ్మలు నా ఇంట్లోనే ఉండి, నేను తెరవలేకపోవడం ఎంత బాధో మాటల్లో చెప్పలేను.

క్రిటా ఫైలు సంగతి నువ్వే చేసి చూడు. ఒక బొమ్మ ఫైలుకి ఇంకో కాపీ తీసుకుని, పేరు చివర ఉన్న కేఆర్‌ఏ అనే మూడక్షరాలు తీసేసి జిప్ అని పెట్టు. మామూలు జిప్ ఫైలు తెరిచినట్టే తెరుచుకుంటుంది. లోపల పూర్తి బొమ్మ ఒక పీఎన్‌జీగా ఉంటుంది, దాని పేరు ‘మెర్జ్‌డ్ ఇమేజ్’. క్రిటా లేని కంప్యూటర్‌లో కూడా నీ బొమ్మ నీకు దొరుకుతుంది. 1999లో మొదలైన ఆ ప్రోగ్రామ్ రేపు ఎవరైనా ఆపేసినా, దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్‌ని రాసిన అసలు రూపం, బయటే ఉంది కాబట్టి ఇంకొకరు అందుకోవచ్చు. బ్లెండర్ విషయంలో అలాంటిదే జరిగింది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే, 2002లో టోన్ రోసెండాల్ అనే ఆయన జనాన్ని అడిగి ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, కోడ్‌ని విడిపించి అందరి పరం చేశాడు. నీ సొంత బొమ్మలు ఇలాంటి చోట ఉండాలని నా కోరిక. షాపులో వేసేవి షాపు హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి, అవి ఓనరువి. రాత్రి గంటలో వేసేవి మాత్రం పూర్తిగా నీవి కావాలి.

ఇక పని దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో ‘రాత్రి ఆమె మిషన్ పక్కనే’ అన్న చోట నేను ఆగిపోయాను. నీ ప్రాజెక్టు అక్కడే ఉంది. మీ అమ్మగారి మిషన్ చుట్టూ ఉన్న వస్తువులు, పన్నెండు బొమ్మలు. టేపు, కత్తెర, బాబిన్ కేసు, సుద్దముక్క, దారం రీళ్లు గుచ్చిన మేకుల చెక్క, హుక్కుల డబ్బా (మిఠాయి డబ్బానే అయి ఉంటుంది), కొలతల నోటుబుక్కు, ఆది జాకెట్టు, నూనె డబ్బా, ఇస్త్రీపెట్టె, గుడ్డ పీలికల సంచి, చివరికి చక్రం మీద చెయ్యి. నోటుబుక్కు గీసేటప్పుడు కస్టమర్ల పేర్లు, నంబర్లు మాత్రం బొమ్మలోకి రానివ్వకు. క్రిటా అంటే స్వీడిష్ భాషలో సుద్ద అని అర్థం, కాబట్టి నీ ఇంట్లో రెండు సుద్దలు పక్కపక్కనే పనిచేస్తున్నాయి.

మొదలుపెట్టే ముందే హద్దులు గీసుకో, తర్వాత మార్చకు. ప్రతి బొమ్మా 2000 పిక్సెళ్ల చదరం. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీస్తే ఆరున్నర అంగుళాలు దాటుతుంది, గోడకి పెట్టుకోవడానికి చాలు. నిండా రంగు వేసిన ఒక లేయరు ర్యామ్‌లో 16 ఎంబీ తింటుంది. నీ దశరథుడి సభ ఏ3లో 300 డీపీఐ అని స్క్రీన్ ఫొటోలో కనిపించింది, అక్కడ ఒక్కో నిండు లేయరుకి 70 ఎంబీ. అలాంటివి నలభై పెడితే 4 జీబీ ల్యాప్‌టాప్ మూలగక ఏం చేస్తుంది? పెన్ను గీసిన అర నిమిషానికి గీత కనబడటం నీ చేతి తప్పనుకున్నావేమో, కాదు. ఈ పన్నెండింటికి అయిదు లేయర్లు చాలు: కాగితం రంగు, చిత్తు గీత, అసలు గీత, రంగు, నీడ. ఆరోది తెరవాలనిపిస్తే, ఉన్నవాటిలో రెండిటిని కలిపి తెరువు.

బ్రష్‌లు రెండే. చిత్తుకి ‘పెన్సిల్-2’, మిగిలిన అన్నిటికీ ‘బేసిక్-5 సైజ్’. రెండూ క్రిటాతో పాటే వస్తాయి. దించుకున్న బ్రష్ ప్యాకులన్నీ ఈ పన్నెండూ అయ్యేదాకా తెరవద్దు. ఈ ఒక్క విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెబుతున్నాను. మీ అమ్మగారి దగ్గర కత్తెరలు ఎన్ని ఉన్నాయి? మహా అయితే రెండు. ఒకటి గుడ్డకి, ఒకటి కాగితానికో దారానికో. గుడ్డ కత్తెరతో ఎవరైనా కాగితం కత్తిరిస్తే ఆమెకి ఎంత కోపం వస్తుందో నీకు తెలుసు. చేతికి ఒక పనిముట్టు బరువు, వాలు తెలియాలంటే దానితోనే చాలా రోజులు ఉండాలి. నువ్వు ప్రతి వారం కొత్తది మారుస్తుంటే నీ చెయ్యి ఎప్పుడూ మొదటి రోజు దగ్గరే ఉంటుంది.

రంగులు మూడు, కాగితం రంగు కాక. షాపులో పొద్దస్తమానం కళ్లు చెదిరే ఎరుపు, పసుపు, గ్రేడియంట్ల మధ్య ఉంటావు. అది ఆ పనికి అవసరం, దూరం నుంచి బస్సులో వెళ్లేవాడికి కనబడాలి. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద గుడ్డల రంగులు వేరు. ఒక సాయంత్రం ఊరికే కూర్చుని ఆ మూల చూసి మూడు రంగులు ఎంచుకో. నేనైతే మిషన్ నలుపు, సుద్ద గులాబి, పాత ఇత్తడి రంగు అంటాను. కానీ చూసేది నువ్వు.

ఒక్కో బొమ్మకి రెండు సాయంత్రాలు, ఒక్కో సాయంత్రం నలభై నిమిషాలు. మొదటి రోజు చిత్తు, గీత. రెండో రోజు రంగు, నీడ. వారానికి మూడు సాయంత్రాలు కూర్చుంటే ఎనిమిది వారాల్లో పన్నెండూ అయిపోతాయి. రెండో సాయంత్రం నలభై నిమిషాలు కాగానే ఎలా ఉన్నా సరే తేదీ వేసి మూసేయి. బాబిన్ కేసు వంకర పోతే పోనీ. సుద్దముక్క గీసేటప్పుడు ఆ తప్పు చెయ్యవు.

ఉదాహరణకి టేపు తీసుకో. తేలికనుకుని మొదలుపెడతావు. పసుపుపచ్చ టేపు మెడలో వేసుకుంటే రెండు కొసలూ ఒకేలా వేలాడవు, ఇత్తడి పట్టీ ఉన్న కొస కొంచెం బరువుగా నిటారుగా దిగుతుంది, రెండోది మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన చోట అంకెలు తిరగబడి, సగం కనిపించి సగం దాక్కుంటాయి. ఏళ్ల తరబడి వాడిన టేపు అయితే 32 నుంచి 40 మధ్య అంకెలు బాగా అరిగి ఉంటాయి, జాకెట్టు కొలతలు ఎక్కువ అక్కడే పడతాయి కాబట్టి. ఇది కళ్లతో చూడందే తెలియదు. ఇంటర్నెట్‌లో టేపు ఫొటో పెట్టుకుని గీస్తే అన్ని అంకెలూ కొత్తగా మెరుస్తూ ఉంటాయి. అందుకే వస్తువుని ఎదురుగా పెట్టుకునే గీయి. ఫొటో తీయాల్సి వస్తే అదే మూలలో, అదే లైటు కింద నువ్వే తీసి, క్రిటాలో రిఫరెన్స్ ఇమేజ్ టూల్‌తో పక్కన పెట్టుకో.

నీ మూడో బొమ్మలో చక్రం కొంచెం కోడిగుడ్డులా వచ్చింది. అది నీ తప్పు కాకపోవచ్చు. ల్యాప్‌టాప్ తెర నిష్పత్తి ఒకటి, ట్యాబ్లెట్ పలక నిష్పత్తి ఇంకొకటి అయితే, చెయ్యి గుండ్రంగా తిరిగినా తెర మీద సాగిపోతుంది. ట్యాబ్లెట్‌తో వచ్చిన డ్రైవర్ సెట్టింగ్స్‌లో పలకని తెర నిష్పత్తికి సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది, వెతికి పెట్టు. పలకలో ఒక అంచు పనికిరాకుండా పోతుంది, పోనీ. అలాగే నీ గీతలన్నీ మొదటి నుంచి చివరికి ఒకే లావు ఉన్నాయి. పెన్ను నొక్కిడి క్రిటాకి అందడం లేదని నా అనుమానం. సెట్టింగ్స్‌లో కాన్ఫిగర్ క్రిటా, అందులో ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌కి వెళితే విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండు ఉంటాయి. ఇప్పుడు ఏది పెట్టి ఉంటే దాని బదులు రెండోది పెట్టి, క్రిటా మూసి మళ్లీ తెరువు. చాలామందికి దీనితోనే సరిపోతుంది. రెండేళ్లుగా నొక్కిడి లేకుండా గీస్తూ ‘నా గీతలో జీవం లేదు’ అనుకున్నావేమో అని తలచుకుంటే నాకే దిగులుగా ఉంది.

పొడవు గీతలు వణుకుతుంటే బ్రష్ టూల్ ఆప్షన్స్‌లో స్టెబిలైజర్ ఉంది, కానీ దాన్ని కొంచెమే పెట్టు. ఎక్కువ పెడితే గీత నున్నగా వస్తుంది, నీ చెయ్యి మాయమవుతుంది. అంతకన్నా కాన్వాస్‌ని తిప్పుకోవడం మేలు. కీబోర్డులో 4 నొక్కితే ఒకవైపు, 6 నొక్కితే ఇంకోవైపు తిరుగుతుంది, 5 నొక్కితే మామూలుకి వస్తుంది. మీ అమ్మగారు కూడా జాకెట్టు చంక మలుపు కుట్టేటప్పుడు చెయ్యి తిప్పరు, గుడ్డని తిప్పుతారు. ఎం నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కళ్లకి అలవాటైపోయిన తప్పులు అప్పుడు ఠక్కున కనిపిస్తాయి. ప్రతి సాయంత్రం రెండు మూడుసార్లు నొక్కి చూడు. సేవ్ చేసేటప్పుడు ‘ఫైనల్ 2’ అని పేర్లు పెట్టే పని లేకుండా కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కు, అదే వరుస నంబరు వేసుకుంటూ కొత్త ఫైలు చేస్తుంది. వారానికోసారి అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కూడా వెయ్యి. ఇది తప్పకుండా చెయ్యి, నా సీడీల సంగతి గుర్తుంది కదా.

ప్రాక్టీస్ గురించి కూడా ఒకమాట. పని లేని సాయంత్రాల్లో ట్యుటోరియల్ చూడకు, కాగితం మీద గీయి. రఫ్ నోటుబుక్కు, పది రూపాయల బాల్‌పెన్ను చాలు. షాపులో కస్టమర్ ఫొటోలు వెతికి పంపేదాకా కూర్చుంటావు చూడు, ఆ పది నిమిషాలు చాలా విలువైనవి. కూర్చున్నవాళ్ల చెప్పులు, చేతుల్లో ఫోన్లు, మెషిన్ మీంచి జారే ఫ్లెక్సీ మడత. బాల్‌పెన్నుతో వేసింది చెరపలేం కాబట్టి కళ్లు ముందే జాగ్రత్తపడతాయి. కంట్రోల్ జెడ్ నొక్కి గీసింది వెనక్కి తీసేసుకోవడం అలవాటైన చేతికి ఇది చాలా అవసరం.

ఏదో ఒక ట్యుటోరియల్ కావాలి అనిపిస్తే, అది నీ బొమ్మలో ఎదురైన ఇబ్బంది గురించే అయి ఉండాలి. ఇస్త్రీపెట్టె మెరుపు రావడం లేదంటే, లోహం మెరుపు మీద ఒకటి చూడు, చూసి వెంటనే ఇస్త్రీపెట్టె దగ్గరికి రా.

తెలుగు అక్షరాల సంగతి నువ్వు అడగలేదు గానీ ఆ కామిక్ పేజీ చూస్తే తెలుస్తోంది, మాటల బుడగలు ఖాళీగా వదిలేశావు. షాపులో అను ఫాంట్లతో కొట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలో లేవు. ఇంక్‌స్కేప్ వేసుకో, అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఒత్తులూ గుణింతాలూ అందులో సరిగ్గా కూర్చుంటాయి. ఫాంట్లకి కొదవ లేదు. రామభద్ర, మల్లన్న, ధూర్జటి, సూరన్న, పెద్దన, తిమ్మన, గిడుగు, మండలి, అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, ప్రింట్‌లో వాడుకోవడానికి కూడా అనుమతి ఉంది. మన కవుల పేర్లు ఫాంట్లకి పెట్టిన వాళ్లని తలచుకుంటే నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది. అయితే ఈ పన్నెండు బొమ్మలకి ఫాంట్ కూడా వద్దనే నా సలహా. వస్తువు పేరు నీ చేతిరాతతోనే కింద రాయి. మీ ఇంట్లో దాన్ని ఏమంటారో అదే రాయి. బాబిన్ కేసుని కొందరు ‘డబ్బీ’ అంటారు, కొందరు ‘షటిల్’ అంటారు. మీ అమ్మగారి నోట వచ్చే మాటే సరైన పేరు.

అమ్మ మాట దగ్గరికి వచ్చాను. ఆమె అన్నది నిజమే అనిపిస్తుందని రాశావు. సగం నిజం. నిద్ర మాట పూర్తిగా నిజం, అందుకే నలభై నిమిషాలన్నాను. డబ్బు మాట వేరు. ఆమె రాత్రి పదకొండింటికి కాజాలు కుడుతూ కూర్చునేది డబ్బు కోసం. పక్కనే కూతురు కళ్లు కాయలు కాసేలా ఏదో చేస్తోంది, రెండేళ్లయినా చేతిలో ఏమీ లేదు. ఆమెకి కనబడుతున్నది అదే. ఆమెతో వాదించకు. ‘ఇది రేపు డబ్బవుతుంది’ అని కూడా మాట ఇవ్వకు, అలా అంటే ఆ మాట నిలబెట్టుకోవాలన్న టెన్షన్ నీ బొమ్మల మీద పడుతుంది. బ్లౌజు డిజైన్లు వేసి అమ్ము, మగ్గం వర్క్‌కి మోటిఫులు వెయ్యి అని చుట్టాలు సలహాలిస్తారు. ముందు ముందు అవి చేయచ్చు, క్రిటాలో డబ్ల్యూ నొక్కితే బొమ్మ నాలుగు వైపులా అతుకు కనబడకుండా అల్లుకుపోతుంది, అంచులకి, చీరల డిజైన్లకి బాగా పనికొస్తుంది. కానీ ఈ ఎనిమిది వారాలు వద్దు. షాపులో పది గంటలు ఎదుటివాళ్లు అడిగింది వేస్తున్నావు. ఈ నలభై నిమిషాలకీ ఇంకో కస్టమర్‌ని పిలవకు.

బదులుగా ఆమెని పనిలోకి పిలువు. హుక్కుల డబ్బా ఎప్పటిది, ఈ కత్తెర ఎక్కడ కొన్నావు, మిషన్ ఎవరిచ్చారు, అడుగు. గీసేటప్పుడు తప్పు ఎక్కడుందో ఆమెకి నీకన్నా ముందు తెలుస్తుంది. బాబిన్‌లో దారం ఏ వైపు నుంచి రావాలో, సుద్ద అరిగితే ఏ అంచు పదునెక్కుతుందో అడిగి రాసుకో. మొదటి నాలుగూ అయ్యాక మీ షాపులోనే, ఓనరుకి చెప్పి, డబ్బు కట్టి, నాలుగూ ఒక మంచి కాగితం మీద ప్రింట్ తీయించు. పీఎన్‌జీ కన్నా టిఫ్ ఇస్తే మీ ఆపరేటర్‌కి సులువు. తెర మీద కనిపించిన గులాబి రంగు, కాగితం మీదికి వచ్చేసరికి ఎంత దిగజారుతుందో నాకన్నా నీకే బాగా తెలుసు. ప్రింటింగ్ అంత దగ్గరగా తెలిసిన బొమ్మలవాళ్లు తక్కువ, ఆ షాపు నీకు ఇచ్చిన విద్య అది.

పన్నెండూ అయ్యాక ఎక్కడ పెట్టాలి, ఏ లైసెన్స్ పెట్టాలి అన్నది అప్పుడు మాట్లాడుకుందాం. రెవాయ్ లాగా పేరు చెప్పి వాడుకోండి అని వదిలేయచ్చు, హక్కులన్నీ నీ దగ్గరే ఉంచుకోవచ్చు, నిర్ణయం నీది. తెలుగు వికీపీడియాలో ఇలాంటి ఇంటి వస్తువుల వ్యాసాలకి బొమ్మలు ఎప్పుడూ అవసరమే, అదొక మంచి చోటు.

ఈ రాత్రి చేయాల్సింది చాలా చిన్న పని. ట్యాబ్లెట్ సెట్టింగ్స్ సరిచేసి, 2000 చదరం ఫైలు ఒకటి తెరిచి, అయిదు లేయర్లకి పేర్లు పెట్టి, ‘01 టేపు’ అని సేవ్ చేసి పడుకో. ఆ మూడో బొమ్మలో బొటనవేలు మాత్రం సరిచేయకు, ఫైలు అలాగే ఉంచు. పన్నెండోది చక్రం మీద చెయ్యి కదా, అప్పుడు దాన్ని చూడకుండా కొత్తగా గీసి, రెండూ కలిపి నాకు పంపు.